మీకు తెలుసా? మచ్చ పడకుండా మానే గాయం
నెలసరిలో గర్భాశయం లోపలి పొర (ఎండోమెట్రియం) పైభాగం ఊడి, లోపల పచ్చిపుండులా మిగులుతుంది. చర్మానికి అంత గాయమైతే మచ్చ తప్పదు. ఇక్కడ మాత్రం కొద్ది రోజుల్లోనే జాడ లేకుండా మానిపోతుంది. జీవితకాలంలో దాదాపు 400 సార్లు! ఎంత ఓర్పు ఆ శరీరానిది!

ఊడిపోని అడుగు పొరలోని మూలకణాలే ఇలా మానడానికి కారణమని శాస్త్రవేత్తల భావన. మెల్‌బోర్న్‌లో కరోలిన్ గార్గెట్ బృందం 2004లో దీనికి తొలి ఆధారాలు చూపింది: ప్రయోగశాలలో వేరుచేసిన కణాల్లో బహు కొద్ది మాత్రం, మూలకణాల తరహాలో ఒక్కొక్కటే ఒక పెద్ద గుంపుగా పెరిగాయి. మైల అని దూరం పెట్టే నెలసరి రక్తంలోనూ మూలకణాలున్నాయని 2007లో తేలింది.

డీ అండ్ సీ (గర్భాశయం లోపలి పొరను గీకి తీసే చికిత్స) చేసేటప్పుడు ఈ మూలకణాలుండే అడుగు పొర బాగా గీసుకుపోతే గర్భాశయం గోడలు అతుక్కోవచ్చు. దాన్ని అషర్మన్ సిండ్రోమ్ అంటారు. డీ అండ్ సీ తర్వాత నెలసరి బాగా తగ్గినా, ఆగినా డాక్టరుకు చూపించుకోవాలి.