డీజిల్ కారుకో ఊదుగొట్టం



కారు సంగతి ఆడవాళ్ళకెందుకు, ఇంటాయన ఉన్నారు, మెకానిక్కు ఉన్నాడు అనుకునే రోజులు పోయాయి. పిల్లల్ని బడిలో దింపేదీ, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదీ, వారానికి సరిపడా కూరలు తెచ్చేదీ మనమే. పైగా కారు షెడ్డుకెళితే ఆ ఖర్చు ఎక్కణ్ణుంచి వస్తుందంటారు? మనం పోపుల డబ్బాలో దాచిన దాంట్లోంచో, పిల్లల ఫీజులకని వేరుపెట్టిన దాంట్లోంచో రావలసిందే కదా!

మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను. మాది పాత డీజిల్ కారు. ఒకసారి ఉన్నట్టుండి పికప్ పోయింది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఆయాసపడేది, వెనకాల నల్లటి పొగ. షెడ్డులో చూపిస్తే, "టర్బో పోయిందమ్మా, కొత్తది వెయ్యాలి, 35 వేలవుతుంది" అన్నారు. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల అది! మనసొప్పక మా వీధి చివర ఉన్న పెద్దాయనకి చూపించాను. ఆయన బానెట్టు ఎత్తి, ఒక్కొక్క పైపూ చేత్తో తడిమి, క్లిప్పు కింద నెర్రె విచ్చిన రబ్బరు గొట్టం చూపించాడు. గొట్టం మార్చాడు. కూలీతో సహా 2 వేల లోపే అయింది. టర్బోకి ఏమీ కాలేదు. ఆ రోజే అనుకున్నాను, ఇదేమిటో తెలుసుకోవాలని.

ఇంతకీ టర్బో అంటే ఏమిటి? మన అమ్మమ్మలు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదేవారు, గుర్తుందా? అదే పొయ్యి, అవే కట్టెలు. గాలి ఎక్కువ తగిలేసరికి మంట భగ్గున లేచేది. గాలి చాలకపోతే ఇల్లంతా పొగ. కారు ఇంజనుకీ ఇదే న్యాయం. టర్బో అంటే ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే ఊదుగొట్టమన్నమాట. ఈ ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు తీసుకున్నాడు. డీజిల్ కార్లకి అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1978లో మెర్సిడెస్ వారు టర్బో ఉన్న డీజిల్ కారును అమ్మకానికి తెచ్చారు. మన దేశంలో ఇలాంటి చిన్న కార్లు 2007 తరవాత బాగా వ్యాపించాయి. మారుతి వారు 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానుకున్నా, అంతకు ముందు కొన్నవి మన ఇళ్ళల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

మరి ఊదేవారెవరు? ఇంజనులోంచి బయటికి పోయే వేడి పొగే! ఆ పొగ దారిలో ఒక చిన్న చక్రం ఉంటుంది. దాని ఇరుసుకి రెండో కొసన ఇంకో చక్రం. పొగ మొదటి చక్రాన్ని తిప్పుతుంటే రెండోది బయటి గాలిని లాగి, ఒత్తి, ఇంజనులోకి పంపుతుంది. దారిలో ఇంటర్‌కూలర్ అనే జల్లెడలాంటి పెట్టె ఆ గాలిని చల్లబరుస్తుంది. ఒత్తిడి మితిమీరకుండా, మన కుక్కరు మీద వెయిటులాగా, చాలా కార్లలో ఒక బుల్లి తలుపు ఉంటుంది. హద్దు దాటబోతే అది తెరుచుకుని కొంత పొగను పక్కదారిన సైలెన్సరులోకి పంపేస్తుంది. కొన్ని కార్లలో తలుపుకి బదులు చక్రం చుట్టూ కదిలే రెక్కలుంటాయి.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరగగలదు. ఒక పక్క నిప్పులాంటి వేడి. దాన్ని కాపాడేదల్లా సన్నని ఇంజనాయిలు పొర ఒక్కటే. ఆ ఆయిలు తగ్గినా, మడ్డిలా అయినా ఇరుసు అరిగిపోతుంది. అందుకే టర్బో ఆయుష్షు ఆయిల్లో ఉందంటారు.

కాబట్టి మన చేతిలో ఉన్న జాగ్రత్తలు ఇవీ. కారు పుస్తకంలో చెప్పిన రకం ఆయిలు, చెప్పిన కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందొస్తే దానికి మార్పించండి. కారు తక్కువ తిరిగిందని ఆయిలు మార్పు వాయిదా వెయ్యకండి. ఆయిలుతో పాటు ఆయిల్ ఫిల్టరు కూడా మార్చాలి. నెలకోసారి కారు చదును నేల మీద ఉండగా, ఇంజను ఆపి కాసేపాగి, డిప్‌స్టిక్కు తీసి తుడిచి, మళ్ళీ ముంచి చూడండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. ఎక్కువ పోసినా మంచిది కాదు సుమా!

పొద్దున్నే స్టార్టు చేయగానే యాక్సిలేటరు గట్టిగా తొక్కకండి. అర నిమిషం ఆగి బయల్దేరి, ఇంజను వేడెక్కేవరకూ నెమ్మదిగా నడపండి. హైవే మీద జోరుగా వచ్చినప్పుడు, ఆగగానే తాళం తిప్పెయ్యకండి. ఒకటి రెండు నిమిషాలు ఇంజను ఊరికే తిరగనివ్వండి. లేకపోతే మరిగిపోతున్న టర్బోలో ఆయిలు కదలక నిలిచిపోయి, మూకుట్లో మాడిన నూనెలా గట్టి పెచ్చు కడుతుంది. అదే రేపు ఆయిలు దారికి అడ్డం పడుతుంది.

ఇక జబ్బు లక్షణాలు చూద్దాం. పికప్ తగ్గి, నల్ల పొగ వస్తోందంటే గాలి చాలడం లేదన్నమాట. ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. దుమ్ముతో మూసుకుపోయిందేమో! తరవాత గొట్టాలు, క్లిప్పులు, ఇంటర్‌కూలర్. బండి లాగేటప్పుడు 'స్‌స్‌' మని గాలి పోతున్న చప్పుడు వస్తే ఎక్కడో చిల్లి పడిందని అర్థం. చిల్లి దగ్గర నల్లగా ఆయిలు జిడ్డు కూడా కనిపిస్తుంది. ఆ బుల్లి తలుపునో రెక్కల్నో కదిపే సన్నని గొట్టం ఊడినా ఇవే లక్షణాలు. రెక్కలు మసి పట్టి బిగుసుకున్నా అంతే. రోజూ సందు చివరిదాకా మాత్రమే తిరిగే కారుకి ఈ మసి బెడద ఎక్కువ. అప్పుడప్పుడు ఊరి బయట హాయిగా పోనిస్తే మంచిది.

నీలం పొగ వస్తూ, ఆయిలు తరుగుతూ ఉంటే ఇంజనులో ఆయిలు కాలుతోందన్నమాట. అది టర్బో వల్ల కావచ్చు, ఇంజను అరుగుదల వల్లా కావచ్చు. గొట్టంలో కాస్త ఆయిలు తడి కనిపించగానే టర్బో పోయిందనుకోకండి. ఆ మాత్రం చెమ్మ మామూలే. కొత్తగా ఈల, సైరనులాంటి కూత, లోహం రాసుకుంటున్న చప్పుడు వస్తే మాత్రం వెంటనే చూపించాలి.

మెకానిక్కు "టర్బో పోయింది" అన్నప్పుడు భయపడకుండా నాలుగు మాటలు అడగండి. గొట్టాలకి లీకు పరీక్ష చేశారా? కంప్యూటరు పెట్టి ఏం లోపం చూపిస్తోందో చూశారా? ఇంజను చల్లారాక గొట్టం ఊడదీసి ఇరుసు కదలిక నాకు చూపిస్తారా? ఇరుసు పక్కలకి రవ్వంత ఊగడం సహజం. కానీ ముందుకీ వెనక్కీ జరుగుతుంటే, చక్రం గోడకి రాసుకున్న గుర్తులుంటే, అప్పుడు నిజంగానే పోయిందన్నమాట. నాలుగో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం: ఎందుకు పోయింది? ఆయిలు గొట్టం పూడిపోయి పోతే, దాన్ని మార్చకుండా కొత్త టర్బో వేసినా అదీ పోతుంది. పాత ఆయిలు, ఫిల్టర్లు మార్చి, ఇంటర్‌కూలర్లో చేరిన ఆయిలు, ముక్కలు కడిగాకే కొత్తది బిగించాలి. చాలాసార్లు టర్బో అంతా కాక, మధ్య భాగం ఒక్కటే మార్చి బాగుచేసేవాళ్ళూ ఉంటారు. అదీ అడగండి. పాత సామాను చూపించమనండి.

చివరగా ప్రాణానికి సంబంధించిన మాట. ఆయిలు ఎర్ర దీపం వెలిగితే, "ఇల్లు దగ్గరేగా" అనుకోకండి. పక్కకి తీసి వెంటనే ఇంజను ఆపండి. ఇంకొకటి చాలా అరుదు, కానీ తెలిసుండాలి. టర్బో బాగా చెడితే దాని ఆయిలే ఇంజనులోకి పోయి ఇంధనంలా కాలుతుంది. అప్పుడు తాళం తీసినా ఇంజను ఆగదు, హోరుమంటుంది, పొగ కమ్మేస్తుంది. గేర్లు మనం మార్చుకునే కారైతే, కారు ఆపి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, హ్యాండుబ్రేకు వేసి, పై గేరులో పెట్టి క్లచ్చు ఒక్కసారిగా వదిలెయ్యండి. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. సాధ్యం కాకపోతే పిల్లల్ని దింపి దూరంగా వెళ్ళిపోండి. బానెట్టు ఎత్తి చేతులు పెట్టవద్దు. కారు పోతే కొనుక్కోవచ్చు.

పొయ్యిలో పొగ రాగానే పొయ్యి మార్చేస్తామా? గాలి ఎందుకాడటం లేదో చూస్తాం. కారు దగ్గరా అదే తెలివి వాడదాం. మరి సెలవు.