కొత్త ల్యాప్‌టాప్‌లో ఏమేమి వేసుకోవాలి?

సికింద్రాబాద్ ప్యారడైజ్ కూడలికి సమీపాన, పార్క్ లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరు వినని కంప్యూటర్ కొనుగోలుదారులు జంటనగరాలలో అరుదు. సీటీసీ అంటే చాలు, ఆటోవాలా మరొక ప్రశ్న వేయడు. ఇటీవల మా మేనకోడలికి ల్యాప్‌టాప్ కొనడానికి మేము కూడా ఆ వైపు వెళ్ళాము. బి.కాం. చదువుతున్న కూతురి కోసం మా బావగారు రెండేళ్ళుగా కూడబెట్టిన సొమ్ము అది. ఏ కంపెనీది కొనాలి, ఎంత మెమరీ ఉండాలి అన్న విషయాలపై ఇంటిల్లిపాదీ వారం రోజులు చర్చించారు. అందులో ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలన్న సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. మన ఇళ్ళలో సాధారణంగా జరిగేది ఇదే.

మనం తీసుకోని ఆ నిర్ణయాన్ని మరొకరు తీసుకుంటారు. దేశంలోని ఏ కంప్యూటర్ బజారులోనైనా బిల్లు చేతికి వచ్చే వేళ ఒక మాట వినిపించడం కద్దు: "ఆఫీసు, ఫొటోషాప్, ట్యాలీ, యాంటీవైరస్ అన్నీ లోడ్ చేసి ఇస్తాం సార్. ఓ ఐదొందలిస్తే చాలు." వేల రూపాయల ఖరీదు చేసేవి ఐదువందలకు ఎలా వస్తున్నాయని అడిగేవారు తక్కువ. ఈ సంగతి దారిలో చెబితే మా మేనకోడలు సూటిగా అడిగింది: "మామూ, అది కొన్నట్టా, దొంగిలించినట్టా?"

ఆ ప్రశ్నకు మన ధర్మవేత్తలు ఎప్పుడో సమాధానం చెప్పారు. కంటికి కనిపించని హక్కు ఆస్తి అవుతుందా అన్న విషయమై పండితుల మధ్య చర్చ జరగకపోలేదు. అయితే 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఈ విషయాన్ని పరిశీలించి, గ్రంథకర్తకు, ఆవిష్కర్తకు తమ కృషిపై ఉన్న హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ పొందినవేననీ, వాటిని ఉల్లంఘించడం ధర్మసమ్మతం కాదనీ తీర్మానించింది. దేశ చట్టం కూడా ఇదే చెబుతున్నది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగప్రతి అని తెలిసీ ఒక ప్రోగ్రాంను కంప్యూటర్‌లో వాడటం నేరం. దానికి 7 రోజుల నుండి 3 సంవత్సరాల వరకు జైలు, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం కాని వాడకమైతే న్యాయస్థానం జైలుశిక్ష లేకుండా జరిమానాతో సరిపెట్టవచ్చు. ఇళ్ళకు వచ్చి ఎవరూ తనిఖీ చేయరన్న మాట నిజమే. తనిఖీ లేనంత మాత్రాన హరామ్ హలాల్ అయిపోతుందా?

దీనిలో ప్రాపంచిక నష్టం కూడా తక్కువేమీ కాదు. దొంగగా ముద్రించిన పుస్తకంలో అక్షరాలు మసకగా ఉంటాయి, అంతటితో సరి. ప్రోగ్రాం సంగతి అలా కాదు. దానికి వేసిన తాళాన్ని పగలగొట్టడానికి మరొక చిన్న ప్రోగ్రాంను నడపాలి. దాన్ని ఎవరు రాశారో, లోపల ఏముందో అమ్మేవానికి కూడా తెలియదు. పైగా అది నడవాలంటే ముందుగా విండోస్ రక్షణను ఆపివేయమంటారు. కాపలాదారుని పంపివేసి అపరిచితుణ్ణి ఇంట్లోకి పిలవడమన్నమాట. ఆ తరువాత అదే ల్యాప్‌టాప్‌లో మనం బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాము.

నాలుగైదు వేలు తగ్గుతాయని 'డాస్' ల్యాప్‌టాప్ కొనేవారు ఈ సంగతి గమనించాలి. విండోస్ లేకుండా వచ్చే యంత్రం అది. దానిలో దుకాణంలో ఎక్కించే విండోస్ చాలా సందర్భాలలో దొంగప్రతే. కంపెనీయే విండోస్ వేసి పంపిన దానిని కొని, ఆ సంగతి బిల్లు మీద రాయించుకోవడం మేలు. లేదా లినక్స్ వేసుకోవచ్చు. అది ఉచితం, అన్ని విధాలా ధర్మసమ్మతం. దానిని తెలుగులో అందించడానికి హైదరాబాద్‌కు చెందిన 'స్వేచ్ఛ' సంస్థ కార్యకర్తలు ఎంతో శ్రమించారు. మా అమ్మాయికి ట్యాలీ అవసరం కనుక మేము విండోస్ వైపే మొగ్గాము. పాత ల్యాప్‌టాప్ కొనేవారికి మరొక మాట: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కనుక ఆ యంత్రం విండోస్ 11కు పనికి వస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక నా మనసును ఇప్పటికీ కలచివేసే సంఘటన ఒకటి చెప్పాలి. మా తమ్ముడు వేరొక ఊరిలో ల్యాప్‌టాప్ కొన్నప్పుడు, తొలిసారి తెరిచే పనిని కూడా దుకాణంలోని కుర్రవానికే అప్పగించాడు. అతడు ఏదో ఒక ఈమెయిల్ సృష్టించి, పని పూర్తిచేసి ఇచ్చాడు. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లు, మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచిన వెంటనే డిస్కులోని సమాచారమంతటినీ గుప్తలిపిలోకి మార్చివేస్తాయి. దొంగల చేతిలో పడినా ఎవరూ చదవలేకుండా చేసిన ఏర్పాటు ఇది. దాన్ని విప్పే 48 అంకెల తాళంచెవి ఆ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. ఏడాది తరువాత ఒక ఉదయం తెర మీద ఆ అంకెలు అడిగింది. ఈమెయిల్ పేరు ఎవరికీ గుర్తులేదు, కుర్రవాడు దుకాణం మానేశాడు. మా నాన్నగారి చివరి ఉమ్రా ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఈనాటికీ ఉన్నాయి, కానీ ఎవరూ చూడలేరు.

అందుచేత మేము ల్యాప్‌టాప్‌ను సీలు విప్పకుండా ఇంటికి తెచ్చుకున్నాము. అమ్మాయి తన సొంత ఈమెయిల్‌తోనే తెరిచింది. చాలా ల్యాప్‌టాప్‌లతో పాటు వచ్చే ఆఫీస్ కూడా మొదట ఏ ఖాతాతో తెరుస్తామో దానితోనే ముడిపడిపోతుంది. ఇది మరొక కారణం. ఆ తరువాత ఏమీ వేయకుండా ముందు విండోస్ అప్‌డేట్లన్నీ పూర్తికానిచ్చాము. రెండు గంటలు పట్టింది, ఓపిక పట్టాలి. నెల రోజుల గడువుతో కంపెనీ వేసి పంపిన యాంటీవైరస్‌ను తీసివేశాము. విండోస్‌లో ఉన్న డిఫెండర్ ఒక్కటే మామూలు ఇంటికి చాలునని నా అభిప్రాయం.

వేసుకున్నవి నిజానికి నాలుగైదే. ఆఫీస్ రాని ల్యాప్‌టాప్ అయితే లిబ్రే ఆఫీస్ ఉన్నది. అది వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళను తెరుస్తుంది, అయితే చిక్కైన పట్టికల అమరిక అక్కడక్కడా చెదురుతుంది. వీడియోలకు వీఎల్‌సీ సరిపోతుంది. 1996లో పారిస్ శివారులోని ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు మొదలుపెట్టిన పని నుండి పుట్టిన ప్రోగ్రాం అది. 2001 నుండి ఎవరైనా కాపీ చేసుకోవచ్చునని దాని కర్తలే అనుమతించారు. ఐదువందల 'లోడింగ్'కు, దీనికి తేడా ఆ అనుమతిలోనే ఉన్నది. ఫొటోల పనికి జింప్ ఉన్నది. జిప్ ఫైళ్ళను విండోసే విప్పుతుంది, పీడీఎఫ్‌లను బ్రౌజరే చూపుతుంది. ట్యాలీ విషయంలో నేర్చుకునేవారి కోసం ఆ కంపెనీయే ఉచిత విద్యా విధానాన్ని ఇస్తున్నది. అందులో కొన్ని తేదీలకే పద్దులు రాయగలము, అభ్యాసానికి అది చాలు. ప్రతి ప్రోగ్రాంనూ దాని సొంత వెబ్‌సైట్ నుండే తీసుకోవాలి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనలలో నకిలీలు కూడా ఉంటాయి.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన అవసరం లిపులది. తెలుగు, ఉర్దూ, అరబీ మూడూ కావాలి. 2019 నుండి విండోస్‌లోనే తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు టైపు చేసే కీబోర్డు ఉన్నది. ముద్రణాలయాల వారి పాత 'అను' ఫాంట్లలో టైపు చేస్తే మరొక కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. కనుక మండలి, సురవరం వంటి యూనికోడ్ ఫాంట్లు వేసుకోవాలి. ఉర్దూ నస్తాలీఖ్‌కు ఇప్పుడు ఇన్‌పేజ్ దొంగప్రతి కోసం వెతకనక్కరలేదు, నోటో నస్తాలీఖ్ ఉచితంగా లభిస్తుంది. ఖుర్‌ఆన్ ఆయతులను వాట్సాప్ సందేశాల నుండి మాత్రం కాపీ చేయవద్దు. ఒక్క జేర్, జబర్ తారుమారైనా అర్థం మారుతుంది. 2007లో ప్రారంభమైన తన్జీల్ సరిచూసిన పాఠాన్ని ఇస్తున్నది. మదీనాలోని కింగ్ ఫహద్ ముద్రణాలయం తన ముస్‌హఫ్ ఫాంట్లను ఉచితంగానే అందిస్తున్నది.

తమ్ముళ్ళకు పాస్‌వర్డ్ చెప్పకుండా, వారికోసం అధికారాలు తక్కువగా ఉన్న వేరే ఖాతా తెరిపించాము. మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు పని పూర్తయింది. చివరగా అమ్మాయి తన ఖాతాలోకి వెళ్ళి ఆ 48 అంకెలను నోటుపుస్తకం కాగితం మీద రాసింది. మా అక్కయ్య దాన్ని మడిచి, బీరువాలో రేషన్ కార్డు పక్కన పెట్టింది.