బండి కంతు కడితే పిల్లల ఖర్చు కట్టినట్టేనా?

ఈరోజు ఎపిసోడ్ బండి మీద. కానీ మైలేజీ, మోడలు, ఆన్ రోడ్ ధర, ఇవేవీ కాదు. విడిపోయిన భార్యాభర్తల మధ్య నోటిమాటతో కుదిరే ఒక ఒప్పందం గురించి. "స్కూటీ ఈఎంఐ నేను కడతా, పాప ఖర్చులో అది తీసేసుకో" అంటారు చూడండి, అదే.

మా సైడ్ వాళ్లకు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఇక్కడ బండి అంటే షోకు కాదు. మదనపల్లె టమాటా మార్కెట్‌కు లోడు తోలే పికప్ ఉందనుకోండి, ఇంట్లో పొయ్యి వెలిగేది దాని వల్లే. పుంగనూరులో పాపను స్కూల్లో దింపి డ్యూటీకి పోయే అమ్మకు స్కూటీ ఆగిపోతే ఆ రోజు జీతం పోయినట్టే. కుప్పంలో తెల్లారకముందే స్టేషన్‌కు చేరి బెంగళూరు రైలు పట్టుకోవాలన్నా బండే కావాల. అందుకే విడిపోయేటప్పుడు పెద్దమనుషులు కూర్చుంటే, మాట తిరిగి తిరిగి బండి దగ్గరికే వస్తాది.

ఒక లెక్కతో మొదలుపెడదాం. ఇది ఉదాహరణ కోసం నేను వేసుకున్న లెక్క, ఎవరి ఇంటి కథా కాదు. పాపకు ఏడేళ్లు, అమ్మ దగ్గర ఉంటోంది. నెలకు 6,000 ఇస్తానని నాన్న ఒప్పుకున్నాడు. అమ్మ పేరు మీద స్కూటీ లోన్ ఉంది, నెలకు 3,400, మొత్తం 36 కంతులు. "కంతు నేను కడతా, మిగతా 2,600 ఫోన్‌పే చేస్తా" అన్నాడు. ఇద్దరూ సరే అనుకున్నారు. కాగితం లేదు.

14 నెలలు బాగానే నడిచింది. నాన్న కంతుల కింద 47,600, చేతికి 36,400, మొత్తం 84,000 ఇచ్చాడు. 15వ నెలలో పని తగ్గి కంతు ఆపేశాడు. ఇంకా 22 కంతులు, అంటే 74,800 మిగిలే ఉంది. ఇప్పుడు అడుగుదాం: ఎవరు ఎవరికి బాకీ?

మొదట ఫైనాన్స్ వాళ్ల వైపు నుంచి చూడండి. వాళ్ల దగ్గర ఉన్న కాగితంలో అమ్మ సంతకం ఉంది. మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో వాళ్లకు అనవసరం. కంతు ఆగితే ఫోన్ అమ్మకే, సిబిల్ స్కోరు పడేది అమ్మదే, చివరికి బండి ఎత్తుకుపోయేది అమ్మ ఇంటి ముందు నుంచే. నాన్న జామీను సంతకం పెట్టి ఉంటే ఆయన మెడకూ చుట్టుకుంటాది. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాళ్లకు ఎంత బాధ్యతో జామీను ఉన్నవాళ్లకూ అంతే. విడాకులు వచ్చినంత మాత్రాన లోన్ కాగితంలో పేరు చెరిగిపోదు.

రెండోది కోర్టు వైపు. పిల్లల పోషణ ఖర్చుకు ఇన్నాళ్లూ అందరికీ తెలిసిన సెక్షన్ 125. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది కాబట్టి ఇప్పుడది సెక్షన్ 144. నంబర్ మారింది, విషయం అదే. ఒకప్పుడు దీని కింద నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించడానికి లేదు. 2001లో ఆ పరిమితి ఎత్తేశారు. ఇది ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది. విడాకులు తీసుకున్న ముస్లిం మహిళలు కూడా ఈ సెక్షన్ కింద అడగొచ్చని 2024 జులై 10న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన పక్కనున్న తెలంగాణ నుంచి వెళ్లిందే.

ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన పాయింట్ ఒకటుంది. పోషణ ఖర్చు పాప హక్కు. అమ్మ చేతికి వస్తుంది, కానీ అది అమ్మ సొమ్ము కాదు. అందుకే "బండి నాకిచ్చెయ్, పాప ఖర్చు ఇక అడగను" అని అమ్మ రాసిచ్చినా పాప హక్కు పోదు. పెద్దవాళ్ల విషయంలోనే చట్టం ఇట్లాంటి రాతలకు అంత విలువ ఇవ్వదు. కర్ణాటక నుంచి వెళ్లిన నాగేంద్రప్ప నాటికర్ కేసులో భార్య 8,000 ఒకేసారి తీసుకుని ఇక అడగనని రాజీకి ఒప్పుకుంది. అయినా వేరే చట్టం కింద ఆమె పోషణ అడగొచ్చని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. పెద్దామెకే అట్లుంటే, ఏడేళ్ల పాప హక్కును వేరేవాళ్లు ఎట్లా వదులుకుంటారు?

మరి నాన్న కట్టిన 47,600 సంగతి? ఇది ఒక్కరి వైపు చేస్తున్న వీడియో కాదు, ఆయన వైపూ చూద్దాం. నిజంగానే కట్టాడు. కానీ ఆ డబ్బు పోయింది ఫైనాన్స్ ఖాతాకు. అది పాప ఖర్చు కిందే కట్టానని చూపించడానికి ఆయన దగ్గర ఏముంది? అవతలివైపు "అది నాకు ప్రేమగా కొనిచ్చిన బండి, పాప ఖర్చుకు సంబంధం లేదు" అంటే? కోర్టు ఆ కంతులను లెక్కలోకి తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. రుజువు లేకుండా నిలబడితే ఆయన కష్టం నీళ్లలో పోసినట్టే.

ఇంకో రకం వాదన ఉంటుంది. "నా బండి ఈఎంఐకే జీతం అయిపోతాంది, పాపకు ఏమిచ్చేది" అని. 1970లోనే కులభూషణ్ కున్వర్ కేసులో సుప్రీంకోర్టు దీనికి దారి చూపింది. పోషణ ఖర్చు లెక్కేసేటప్పుడు ఆదాయం నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్, తప్పనిసరి పీఎఫ్ లాంటివి తీసేయొచ్చు గానీ, ఇంటి అద్దె, కరెంటు బిల్లు తీసేయడం కుదరదంది. కాబట్టి మనం ఇష్టపడి తెచ్చుకున్న కారు లోన్‌ను పాప అన్నం కంటే ముందు పెట్టడం కష్టం. అద్దెకు తోలే పికప్ అయితే వేరే సంగతి, ఆ బండి మీదే సంపాదన కాబట్టి డీజిల్, రిపేరు, కంతు అన్నీ ఆదాయ లెక్కలో చూపించి అడగొచ్చు. 2020 నవంబర్ 4న రజనేష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు అఫిడవిట్‌లో రాసివ్వాలి. దాచడానికి దారి తక్కువ.

అదే తీర్పులో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. పోషణ ఖర్చు అర్జీ పెట్టిన తేదీ నుంచి లెక్కకొస్తుంది. దీని అర్థం చూడండి. నోటిమాట మీద నమ్మకంతో రెండేళ్లు ఎదురుచూసి, తర్వాత కోర్టుకు పోతే, ఆ రెండేళ్లకు ఈ సెక్షన్ కింద వసూలు చేసుకోవడం కుదరదు. గడియారం తిరగడం మొదలయ్యేది అర్జీ పెట్టిన రోజు నుంచే. ఆర్డర్ వచ్చాక కూడా బాకీ పడ్డ నెల నుంచి ఏడాదిలోపు వసూలుకు అడగాలి. కేసు తేలేలోపు మధ్యంతర భృతి అడగొచ్చు, నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉంది.

మూడోది ఆర్‌సీ. బండి ఒకరి దగ్గర, ఆర్‌సీ ఇంకొకరి పేరు మీద, ఇది చాలా డేంజర్. యాక్సిడెంట్ అయితే రికార్డులో ఓనర్ ఎవరని చూస్తారు. చేతులు మారుతూ పోయిన కారు కేసులో, నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్, 2018లో సుప్రీంకోర్టు రిజిస్టర్ అయిన ఓనర్‌దే బాధ్యత అంది. ఇన్సూరెన్స్ లేకపోతే ఆ పరిహారం ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించండి. పేరు మార్చాలంటే ఫారం 29, ఫారం 30, లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఒప్పుదల. బెంగళూరులో కొన్న కేఏ నంబర్ బండిని ఇక్కడే ఉంచుకుంటే, 12 నెలలు దాటాక ఇక్కడ రిజిస్టర్ చేయించాలి. బండి ఎవరి పేరు మీద ఉంది, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు అన్నది ఎంపరివాహన్ యాప్‌లో ఇప్పుడే చూసుకోవచ్చు.

సరే, ఏం చేయాలి? నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక పద్ధతి ఉండేది, రెండు పనులను ఒకే ఫంక్షన్‌లో కుక్కొద్దు. ఒకటి చెడితే రెండూ చెడతాయి. ఇక్కడా అంతే. బండిని, పాపను విడదీయండి.

వీలైతే 6,000 పూర్తిగా అమ్మ ఖాతాకు పంపండి, నోట్‌లో "పాప ఖర్చు, జూన్ నెల" అని రాయండి. కంతు అమ్మే కట్టుకుంటుంది. స్క్రీన్‌షాట్ ఒక్కటే నమ్ముకోకుండా ఏడాదికోసారి బ్యాంక్ స్టేట్‌మెంట్ దించుకోండి.

కంతు నేరుగా కట్టాల్సిందే అంటే, రాసుకోండి. పాప ఖర్చు మొత్తం ఎంత, అందులో కంతు ఎంత, చేతికి ఎంత, కంతు ఆగితే ఏమవుతుంది, 36 నెలలు అయిపోయాక పూర్తి 6,000 మళ్లీ చేతికే ఇవ్వాలా. ఈ చివరి లైన్ చాలామంది మర్చిపోతారు. లోన్ తీరిపోతుంది, కానీ పాప అప్పటికి పదేళ్లకొస్తుంది, ఫీజులు పెరుగుతాయి. పరిస్థితి మారితే మొత్తం పెంచమనో తగ్గించమనో కోర్టును అడిగే వీలు ఇద్దరికీ ఉంది.

రాసుకున్న కాగితాన్ని ఇంట్లో బీరువాలో పెట్టొద్దు. పరస్పర ఒప్పుదలతో విడాకులు తీసుకుంటుంటే ఆ పిటిషన్‌లోనే పెట్టించండి. కేసు లేకపోతే లోక్ అదాలత్‌కు పోండి. అక్కడ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. స్టాంప్ పేపర్ సాక్ష్యంగా పనికొస్తుంది, అంతవరకే. మాట తప్పితే అమలు చేయించడానికి కోర్టు ఆర్డర్ కావాల.

లాయర్‌కు డబ్బులెక్కడివి అంటారా? 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి. ఇంకో సంగతి, నాన్న బెంగళూరులోనో కృష్ణగిరిలోనో ఉన్నాడని అమ్మ అక్కడికి తిరగక్కర్లేదు. ఆమె ఉంటున్న చోటే సెక్షన్ 144 అర్జీ పెట్టుకోవచ్చు.

మొగుడూ పెళ్లాం బంధం తెగొచ్చు, అమ్మానాన్న బంధం తెగదు. నాన్నకు తాను కట్టిన ప్రతి రూపాయికీ లెక్క ఉండాల, పాపకు ఏ నెలా ఫీజు ఆగకుండా ఉండాల. రెండూ ఒకే కాగితంతో దొరుకుతాయి. మీ అక్కకో, ఫ్రెండ్‌కో ఇది పనికొస్తుందనిపిస్తే లింక్ పంపండి, పంపి ఒక ఫోన్ కూడా చేయండి, ఇట్లాంటి విషయం మెసేజ్‌లో చదివి ఒక్కరే కూర్చోవడం కష్టం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.