నీళ్లలో నేర్చిన మాటలు

పరీక్షల కాలం వచ్చిందంటే ఒక సలహా తప్పకుండా చెవిన పడుతుంది: పరీక్ష రాసే చోటు ఎలా ఉంటుందో అలాంటి చోటే కూర్చుని చదవండి, చదివింది ఇట్టే గుర్తొస్తుంది అని. దానికి సాక్ష్యంగా ఎక్కువగా చూపించేది డంకన్ గాడెన్, అలన్ బాడ్లీ 1975లో ప్రచురించిన పరిశోధన పత్రం. పత్రం ముచ్చటైనదే. దాని మీద మోయలేనంత బరువు పెట్టింది ఈ సలహాయే.

స్కాట్లాండ్ పడమటి తీరాన ఓబన్ అనే ఊరుంది. ఆ దగ్గరి సముద్రంలో 18 మంది డైవర్లకు ఒకదానికొకటి పొంతనలేని 36 మాటలు వినిపించారు, ఒకసారి ఒడ్డున, ఒకసారి 20 అడుగుల లోతున. గుర్తున్నవి రాయమన్నది కొన్నిసార్లు విన్నచోటే, కొన్నిసార్లు చోటు మార్చి. ఒడ్డున విని ఒడ్డునే రాస్తే సగటున 13.5 మాటలు వచ్చాయి, నీళ్లలో రాస్తే 8.6. నీళ్లలో విని నీళ్లలోనే రాస్తే 11.4, పైకొచ్చి రాస్తే 8.4. పత్రం ప్రాణమంతా ఈ నాలుగు అంకెల్లోనే ఉంది. నీళ్లే బుర్రను మొద్దుబార్చాయనుకుంటే చివరి అంకె పొసగదు. చలి వదిలి ఒడ్డుకొచ్చినవాడికి ఇంకా ఎక్కువే గుర్తు రావాలి కదా! పోనీ, దిగడం ఎక్కడం అనే హడావుడి మాటల్ని చెరిపేసిందా? ఆ అనుమానం పరిశోధకులకూ వచ్చింది. రెండో ప్రయోగంలో ఒడ్డున విని ఒడ్డునే రాసేవాళ్లను మధ్యలో ఓసారి నీళ్లలో ముంచి లేపారు. తేడా రాలేదు. ఇదంతా ఏసీ గదిలో జరిగిన పని కాదు. నేలమీదా నీళ్లలోనూ నడిచే పాత సైనిక వాహనమొకటి ఒక డైవరు మీదికి దాదాపు ఎక్కేసిందని పత్రంలోనే రాసుకున్నారు.

సిద్ధాంతం అంతకుముందే ఉంది. నేర్చేటప్పుడు మనసుకెక్కిన ఆనవాళ్లే తర్వాత జ్ఞాపకాన్ని లాగుతాయని 1973లో ఎండెల్ టుల్వింగ్, డొనాల్డ్ థామ్సన్ చెప్పారు. మెదడులోని హిప్పోక్యాంపస్ విషయాన్నీ చోటునూ కలిపి ముడివేస్తుందన్నది నేటి అవగాహన.

అయితే 1980లో గాడెన్, బాడ్లీ జంటే ప్రశ్న మార్చింది. మాటలు చూపించి, ఇందులో మీరు విన్నవేవి అని అడిగితే చోటు ప్రభావం మాయమైంది. మాటే ఎదురుగా ఉన్నప్పుడు చోటుతో పనేముంది? 1985లో అమెరికాలో అసలైన కాలేజీ పరీక్షలనే పరిశీలించారు. పాఠం విన్న గదిలో రాసినవాళ్లకూ వేరే గదిలో రాసినవాళ్లకూ మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2021లో ఈతకొలనులో ఓబన్ ప్రయోగాన్ని తిరిగి చేస్తే పాత ఫలితం రాలేదు. మరి అంతా వట్టిదేనా అంటే, కాదు. 2001లో స్టీవెన్ స్మిత్, ఎడ్వర్డ్ వెలా ఎన్నో ప్రయోగాలను కలిపి లెక్కిస్తే ప్రభావం ఉందనే తేలింది, కాకపోతే ఓ మోస్తరుది. నా వాదన ఇంతే: పొంతనలేని మాటలకు పట్టుకొమ్మ వేరే లేదు కనుక మెదడు చోటును పట్టుకుంటుంది. అర్థమైన పాఠానికి అర్థమే పట్టుకొమ్మ. పైగా చోటుకు వెళ్లక్కర్లేదు, తలచుకుంటే చాలు. కొత్త గదిలో కూర్చోబెట్టి పాత గదిని ఊహించుకోమన్నా మాటలు గుర్తొచ్చాయని 1979లో స్మిత్ చూపించాడు. సాక్షిని ముందుగా సంఘటన స్థలాన్ని మనసులో చూసుకోమనే విచారణ పద్ధతి కూడా 1980ల్లో ఇదే ఆలోచన మీద పుట్టింది.

పదో తరగతి పరీక్ష కేంద్రం వేరే బడిలో పడిందని బెంగపడే తల్లిదండ్రులారా, ఆ బెంగ మానండి. పిల్లలకు పాఠం అర్థమైందో లేదో అది చూడండి.

రెండు గదుల కిటుకు

1978లో స్మిత్, ఆర్థర్ గ్లెన్‌బర్గ్, రాబర్ట్ బ్యోర్క్ ఒకే మాటల జాబితాను కొందరితో ఒకే గదిలో రెండుసార్లు, మరికొందరితో వేర్వేరు గదుల్లో చదివించారు. పరీక్ష మాత్రం రెండు బృందాలకూ కొత్తదైన మరో గదిలో. రెండు గదులు మారినవాళ్లకే ఎక్కువ మాటలు గుర్తొచ్చాయి.