ఎర్రబారిన ఫొటోలో పాత హైదరాబాదు

బీరువా అడుగున దాచిన ఆల్బమ్ తెరిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. తాతయ్య, అమ్మమ్మల పెళ్లినాటి నలుపు తెలుపు ఫొటో ఇంకా చక్కగానే ఉంటుంది. దానికంటే ఎంతో తర్వాత, 1980లలో వేసవి సెలవులకు హైదరాబాదు వెళ్లి ట్యాంక్‌బండ్ మీద తీయించుకున్న కలర్ ఫొటో మాత్రం ఎర్రగా మారిపోయి ఉంటుంది. దానికి ఎండ కూడా తగల్లేదు కదా!

నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. బాగా కడిగిన ప్రింటులో ఆ లోహం చాలాకాలం నిలుస్తుంది. కలర్ ప్రింటు కడిగేటప్పుడు మాత్రం వెండినంతా తీసేస్తారు. చివరికి మిగిలేవి పసుపు, మెజెంటా, సయాన్ అనే మూడు రంగుల పొరలే. ఇవి కర్బన రసాయనాలు. ఆనాటి కాగితాల్లో సయాన్, అంటే పచ్చదనం కలిసిన నీలం, అన్నిటికన్నా బలహీనమైనది. అది విరిగిపోవడానికి వెలుతురే అక్కర్లేదు, చీకట్లో ఉన్నా వేడీ తేమా చాలు. తెల్లని కాంతిలోంచి ఎరుపును పీల్చుకునే పని సయాన్‌ది. అది తరిగేకొద్దీ ఎరుపు పీల్చుకోబడకుండా మన కంటికి చేరుతుంది. ఫొటోకు కొత్తగా ఎరుపు వచ్చి చేరలేదు, దాన్ని అడ్డుకునే రంగు పోయింది. గోడకు తగిలించిన ఫొటోల కథ వేరు. వాటిలో వెలుతురు ముందుగా మెజెంటాను దెబ్బతీయడం ఎక్కువ.

మన వాతావరణం రంగులు వెలిసిపోవడాన్ని తొందరచేస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. పైగా రంగులను పట్టి ఉంచే జెలటిన్ జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసినది. తీరప్రాంతపు ఉక్కలో అది తేమ పీల్చి ఉబ్బుతుంది, బూజుకు ఆహారమవుతుంది. అప్పట్లో అందరూ ఇష్టపడి కొన్న జిగురు పేజీల ఆల్బములు మరీ చెరుపు చేశాయి. ఫొటో వెనక జిగురు, ముందు ప్లాస్టిక్ కాగితం, రెండూ కాలంతోపాటు ఫొటోను పాడుచేసేవే.

అయినా ఆ ఎర్రబారిన ఫొటోలో నగర చరిత్ర చదవొచ్చు. వెనక ట్యాంక్‌బండ్ మీద కవుల, మహనీయుల విగ్రహాలు ఉన్నాయా? అయితే అది 1986కు ముందుది కాదు. హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుడు కనిపించడం లేదా? అయితే 1992 డిసెంబరుకు ముందుది. 1990లో విగ్రహాన్ని తీసుకెళ్తున్న పంటు మునిగి ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉన్న విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టారు. విశాఖ బీచ్ ఫొటోలకూ ఇలాంటి గుర్తు ఉంది. ఒడ్డున కుర్సురా జలాంతర్గామి ఉంటే 2002కు ముందుది కాదని చెప్పేయొచ్చు. మన వెనకున్న దృశ్యమే తారీఖు చెబుతుంది కాబట్టి, స్కాన్ చేసేటప్పుడు మనుషుల ముఖాల వరకే కత్తిరించకండి.

మనిషి జ్ఞాపకం ఇంత నికరం కాదు. "1988లో బుద్ధుడి దాకా పడవలో వెళ్లాం" అని మావయ్య గట్టిగా చెప్పొచ్చు. ఆయన అబద్ధమాడటం లేదు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ మెదడు ఆ సంగతిని ముక్కల నుంచి మళ్లీ కట్టుకుంటుంది, తర్వాత చూసినవి కూడా అందులో కలుస్తాయి. 2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 20 మంది పెద్దవాళ్లకు, చిన్నప్పుడు వాళ్లు వేడిగాలి బెలూన్ ఎక్కినట్టు మార్పుచేసిన ఫొటో చూపించారు. మూడు విడతలు ప్రశ్నించేసరికి సగం మంది ఎన్నడూ జరగని ఆ ప్రయాణాన్ని ఎంతోకొంత 'గుర్తుచేసుకున్నారు'. ఫొటోకు అంత శక్తి ఉంది. కాబట్టి ముందు పెద్దవాళ్లను ఫొటో చూపకుండా అడగండి, తర్వాత చూపించి మళ్లీ అడగండి. రెండు మాటలూ విలువైనవే.

పోయిన సయాన్‌ను కాగితం మీద తిరిగి తేలేం. స్కాన్‌లో మాత్రం చాలావరకు సరిచేయవచ్చు. పోస్టుకార్డంత ప్రింటుకు 600 డీపీఐ సరిపోతుంది. నెగటివ్‌లు పారేయకండి. జిగురుకు అంటుకుపోయిన ఫొటోను పీకకండి, ఆల్బమ్ పేజీలో ఉండగానే స్కాన్ చేయండి. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేదంటే వివరాలు తగ్గిపోతాయి. ఈ వేసవిలో పిల్లలు ఇంటికొచ్చినప్పుడు ఈ పని వాళ్లకు అప్పగించండి. పెద్దవాళ్లు చెప్పేది వాళ్ల గొంతులోనే రికార్డు చేసి, ఏ ఫొటో గురించి చెప్పారో ఆ ఫైలు పేరులోనే రాయించండి.