గాలికుంటు సంతలో ఎక్కి కొట్టంలో దిగుతుంది

గాలికుంటు గాలికి వచ్చే జబ్బు, ఒకసారి వచ్చాక ఎవరి చేతుల్లోనూ ఉండదు అన్న అభిప్రాయం పల్లెల్లో బాగా పాతుకుపోయింది. దాన్ని ఒట్టి మూఢనమ్మకమని కొట్టిపారేయలేం. 1981 మార్చిలో ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో పందులకు సోకిన ఈ వ్యాధి సముద్రం దాటి జెర్సీ, ఐల్ ఆఫ్ వైట్ దీవుల ఆవుల్లో తేలింది. ఐల్ ఆఫ్ వైట్‌కు దూరం సుమారు 250 కిలోమీటర్లు. గాలే మోసుకెళ్లిందని వాతావరణ లెక్కలు తేల్చాయి. కానీ ఆ ప్రయాణం సాగడానికి ఎన్ని సంగతులు కలిసివచ్చాయో చూడాలి. బయల్దేరిన చోట పందులున్నాయి. జబ్బుపడ్డ పంది ఊపిరితో వదిలే వైరస్ ఆవు వదిలే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దారి పొడవునా చల్లని, తేమ నిండిన సముద్రపు గాలి. గాలిలో తేమ సుమారు 55 శాతానికి దిగువకు పడితే ఈ వైరస్ ఎక్కువసేపు బతకదు. మహబూబ్‌నగర్ ఎండలోనో అనంతపురం పొడిగాలిలోనో అది ఊళ్లు దాటి ఎగిరిపోతుందని అనుకోవడానికి ఆధారం చాలా తక్కువ. ఒకే కొట్టంలో పక్కపక్కన కట్టేసిన పశువుల మధ్య ఊపిరితో సోకడం వేరే సంగతి, అది నిజమే. ఊరి నుంచి ఊరికి మాత్రం అది ఎక్కువగా పశువుల కాళ్ల మీద, వ్యాన్ల మీద వెళుతుంది.

ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే మిగతా అపోహలు చాలావరకు పుట్టుకొస్తాయి. తప్పు గాలిదే అనుకున్న రైతుకు చేయడానికి ఏమీ మిగలదు. రాకపోకలదే ప్రధాన పాత్ర అని ఒప్పుకుంటే చేయవలసినవి చాలా కనిపిస్తాయి, కాకపోతే వాటిలో ఎక్కువ భాగం ఒక్క రైతు వల్ల అయ్యేవి కావు. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. చొంగ కారడం, కుంటడం మొదలవక ముందే పాలలో వైరస్ ఉండవచ్చు. పెబ్బేరు సంతలోనో అంగళ్లు సంతలోనో బేరమాడేటప్పుడు గేదె నింపాదిగా నెమరువేస్తూ ఉంటుంది. మూడు రోజుల తర్వాత కొత్త ఇంట్లో మేత ముట్టదు. ఈలోగా అది నీళ్లు తాగిన తొట్టి, దాన్ని తెచ్చిన వ్యాను, ఎక్కించిన మనిషి చెప్పులు, పాల క్యాను అన్నీ వైరస్‌ను తలా కొంచెం పంచి ఉంటాయి. బ్రిటన్‌లో 2001 ఫిబ్రవరిలో జబ్బు ఉందని మొదట గుర్తించింది ఎసెక్స్‌లోని ఒక కబేళాలో, పందుల్లో. అప్పటికే హెక్సమ్, లాంగ్‌టౌన్ సంతల్లో చేతులు మారిన గొర్రెలు దాన్ని దేశంలోని పలుచోట్లకు చేర్చేశాయి. కొద్ది రోజుల్లోనే పశువుల కదలికలు ఆపేసినా ఆలస్యం జరిగిపోయింది. ఆ ఏడాది అక్కడ చంపిన పశువులు 60 లక్షలకు పైమాటే.

రెండో అపోహ దీన్ని తేలిగ్గా తీసుకోవడం. పది పదిహేను రోజుల్లో పుండ్లు మానతాయి, పెద్ద పశువుల్లో చావులు నూటికి ఒకటి నుంచి ఐదు లోపే. కాబట్టి వచ్చిపోయే జబ్బే కదా అనుకుంటారు. ఈ లెక్కలోకి దూడలు రావు. లేగదూడల్లో వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది; నోట్లో ఒక్క పొక్కు కూడా కనబడకుండానే పాలు తాగుతూ తాగుతూ కూలిపోతాయి, చావులు నూటికి ఇరవై దాటవచ్చు. లెక్కలోకి రానివి ఇంకా ఉన్నాయి. పొదుగువాపు వచ్చి ఒక చన్ను ఎండిపోవడం, ఈసుకుపోవడం, నెలల తరబడి చూడి కట్టకపోవడం, గిట్ట ఊడిన దుక్కిటెద్దు దుక్కుల వేళకు లేవలేకపోవడం. కొన్ని పశువులు కోలుకున్నాక కూడా ఎండ సహించలేక ఒళ్లంతా వెంట్రుకలు పెరిగి ఏడాది పొడవునా వగరుస్తూనే ఉంటాయి. చావులు లేవు కాబట్టి నష్టం లేదని రాసుకునే లెక్కలో ఇవేవీ ఎక్కవు. నాటు వైద్యానికి పేరు తెచ్చేది కూడా జబ్బు దానంతట అది తగ్గడమే. ఏ మందు రాసినా, అసలు ఏమీ రాయకపోయినా, నాలుక మీద పుండు రెండు వారాల్లో మానుతుంది. ఆ రోజు చేతిలో ఏ మందు ఉంటే పేరు దానికి దక్కుతుంది. గిట్టలకు వేపనూనె రాస్తే ఈగలు వాలవు, పురుగు పడదు. నోటికి గ్లిజరిన్‌లో కలిపిన బోరిక్ పొడి రాస్తే మంట తగ్గి పశువు మేత అందుకుంటుంది. ఈ ఉపశమనాలు అవసరమైనవే. వైరస్ మీద మాత్రం వాటి ప్రభావం ఏమీ లేదు. కొట్టంలో ఫినాయిల్ చల్లడమూ ఇంతే, దానికి ఈ వైరస్ అంతగా లొంగదు. ఆమ్లానికీ క్షారానికీ అది త్వరగా లొంగుతుంది. లీటరు నీటికి 40 గ్రాముల చాకలి సోడా కలిపి కడిగితే చాలు.

మన నాటు పశువులకు ఇది రాదు అనే మాటా తరచుగా వినిపిస్తుంది. సంకరజాతి ఆవుతో పోలిస్తే ఒంగోలు, పుంగనూరు లాంటి జాతుల్లో లక్షణాలు సాధారణంగా తక్కువగా ఉంటాయి. అంతే తప్ప సోకదని కాదు. పైకి అంతగా కనబడని జబ్బుతో తిరిగే పశువు పొరుగువాడి పాడిని ముంచగలదు.

ఇక అసలు చిక్కు టీకా దగ్గర. టీకా వేస్తే పాలు తగ్గుతాయి, చూడి పోతుంది, టీకాతోనే జబ్బు వస్తుంది అని మూడు అభియోగాలు. మొదటిదానిలో కొంత నిజముంది, ఒకటి రెండు రోజులు పాలు కొద్దిగా తగ్గవచ్చు; జబ్బు వస్తే పోయే పాలతో దాన్ని పోల్చి చూడాలి. రెండోదానికి చాలాసార్లు కారణం సూది కాదు. నిండు చూడి పశువును నలుగురు పట్టుకుని తోసి, కట్టి, బెదరగొట్టడమే. మూడోది జాగ్రత్తగా చూడవలసిన ఆరోపణ. ఇప్పుడు వాడేది రసాయనంతో చంపేసిన వైరస్, దానితో జబ్బు రాదు. పాత రోజుల్లో ఫార్మలిన్‌తో చేసిన టీకాలలో వైరస్ పూర్తిగా చావక ఐరోపాలో కొన్నిచోట్ల జబ్బు పుట్టిన మాట నిజం. తయారీ పద్ధతి మారింది అందుకే. మరి టీకా వేసిన వారానికే జబ్బు ఎందుకు వస్తుంది? పక్క ఊళ్లో జబ్బు మొదలయ్యాకే మన ఊళ్లో టీకాల కోసం పరుగులు పెడతాం. అప్పటికే వైరస్ చేరిన పశువుకు సూది పడితే, రావలసిన జబ్బు వచ్చే తీరుతుంది. నింద టీకా మీద పడుతుంది. మార్చని సూది, కడగని బూట్లతో కొట్టం నుంచి కొట్టానికి తిరిగితే టీకా వేసేవాళ్లే వైరస్‌ను మోయగలరు అన్నదీ ఒప్పుకోవాలి. జబ్బు పుట్టిన ఊరి చుట్టూ, బయటి వైపు నుంచి లోపలికి వేసుకుంటూ రావాలనే పద్ధతి అందుకే పెట్టారు.

వేసినా పనిచేయడం లేదు కదా అనే రైతుకు ఇచ్చే జవాబు ఇంకొంచెం పొడుగు. రిండర్‌పెస్టును, అంటే ముసర వ్యాధిని, టీకాలతోనే ప్రపంచం నుంచి తుడిచిపెట్టారు. 2011లో ఆ ప్రకటన వెలువడింది. దానికీ దీనికీ తేడా ఏమిటంటే, ముసరకు ఒక్క టీకాతో దాదాపు జీవితాంతం రక్షణ దొరికేది, ఆ వైరస్‌లో ఏ రకానికైనా ఆ ఒక్క టీకా సరిపోయేది. గాలికుంటు వైరస్‌లో ఏడు రకాలు. ఒకదానికి వచ్చిన రక్షణ ఇంకోదాన్ని ఆపదు. మన దేశంలో తిరుగుతున్నవి ‘ఓ’, ‘ఏ’, ‘ఆసియా 1’. ఎక్కువ చోట్ల జబ్బు తెస్తున్నది ‘ఓ’ రకం. ఈ మూడింటికీ కలిపి చేసిన టీకా రక్షణ సుమారు ఆరు నెలలే, కొన్ని పశువుల్లో నాలుగు నెలలకే సన్నగిల్లుతుంది. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడెక్కినా, గడ్డకట్టినా చెడుతుంది. నాలుగు నెలలు నిండిన దూడకు మొదటిసారి వేశాక నెలకు మరో మోతాదు పడాలి. ఆ రెండోది తప్పిపోతే కాగితం మీద టీకా పడ్డ దూడే, ఒంట్లో మాత్రం చాలినంత రక్షణ ఉండదు. మందలో నూటికి 80 పశువులకు ఒకే కాలంలో రక్షణ ఉంటే వైరస్‌కు దారి మూసుకుపోతుందన్నది నిపుణుల అంచనా. ఆరు నెలలకు జరగవలసిన విడత తొమ్మిది నెలలకు జరిగితే, మధ్యలో పుట్టిన దూడలను, తప్పించుకున్న పశువులను తీసేస్తే, ఆ 80 ఎక్కడ మిగులుతుంది? టీకా పనిచేయలేదనే ఫిర్యాదులో అందువల్ల సగం న్యాయం ఉంది. విఫలమయ్యేది చాలావరకు వేసే తీరే. 2019 సెప్టెంబరులో మథురలో మొదలైన జాతీయ కార్యక్రమానికి 13,343 కోట్ల రూపాయలు కేటాయించారు, బ్రుసెల్లోసిస్‌నూ కలుపుకొని. టీకాలు తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ హైదరాబాద్‌లోనే ఉంది. డబ్బుకూ మందుకూ కరువు లేనప్పుడు నిఘా పెట్టవలసింది తేదీల మీద, ఐస్ పెట్టె మీద.

జీవాలకు గాలికుంటు పెద్ద లెక్కలోది కాదనే నమ్మకాన్ని తెలుగు నేల మీద ప్రత్యేకంగా పరీక్షించాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం తెలంగాణ, 1.91 కోట్లు, తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 1.76 కోట్లు. గొర్రెలో ఈ జబ్బు తరచు ఒకటి రెండు రోజుల కుంటుతో పోతుంది, కాపరికి అది ముల్లు గుచ్చుకున్నట్టే కనిపిస్తుంది. బ్రిటన్‌ను ముంచింది ఈ నిశ్శబ్దమే. అలాగని ప్రతి గొర్రెకూ ఏడాదికి రెండు సూదులు వేయాల్సిందే అనడం కూడా తొందరపాటు. అదే 2001లో ఉరుగ్వేలో ‘ఏ’ రకం వైరస్ చెలరేగింది. వాళ్లు మొదట కొద్ది వేల పశువులను చంపి, ఆ పని ఆపేసి, పశువుల కదలికలు బిగించి, దేశంలోని కోటికి పైగా ఆవులన్నిటికీ రెండు విడతలుగా టీకా వేశారు. గొర్రెలకు వేయలేదు. కొద్ది నెలల్లో జబ్బు ఆగిపోయింది. దీన్ని బట్టి చూస్తే గొర్రెల విషయంలో మనకు మొదట కావలసింది వలస మందల దారుల మీద కన్ను, ఆ మందల నుంచి రక్త నమూనాలు. టీకా వల్ల వచ్చిన యాంటీబాడీలు ఏవో, జబ్బు వల్ల వచ్చినవి ఏవో విడదీసి చెప్పే పరీక్షలు ఇప్పుడు ఉన్నాయి.

పశువులను చంపనిదే ఈ వ్యాధి పోదు, మన దేశంలో అది కుదరదు, కాబట్టి ఇది ఎప్పటికీ పోదు అనే వాదనకు కూడా ఉరుగ్వే అనుభవంలోనే జవాబుంది. బ్రెజిల్ దశాబ్దాలపాటు టీకాల మీద నడిచి, చివరికి 2025 మేలో టీకా అవసరం లేని వ్యాధిరహిత దేశంగా గుర్తింపు పొందింది. దక్షిణ అమెరికా దేశాలు నేర్చుకున్న కిటుకు ఏమిటంటే, పనిని రాజకీయ సరిహద్దులతో కాకుండా పశువులు పుట్టే చోటు, పెరిగే చోటు, అమ్ముడయ్యే చోటు కలిపే దారులతో పంచుకోవడం. 2013లో కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కేరళలను కలిపి చుట్టేసిన జబ్బు ఏ రాష్ట్రం చెక్‌పోస్టు దగ్గరా ఆగలేదు. అందుకే ఒక జిల్లాలో నూటికి నూరు టీకాలు వేసి, ఆ జిల్లాకు దూడలను పంపే పొరుగు జిల్లాలో సగం వేస్తే, ముందు జిల్లా ఖర్చు చాలావరకు వృథా. జబ్బు పోయాక ఇక పని అయిపోయిందనుకోవడమూ పొరపాటే. 1986 నుంచి జబ్బు ఎరగని ఇండోనేషియాలో 2022లో అది మళ్లీ విరుచుకుపడింది.

మనుషులకు సోకుతుందేమో అనే భయాన్ని ఎక్కువసేపు చర్చించనక్కర్లేదు. చిన్నపిల్లలకు చేతుల మీద, నోట్లో పొక్కులు తెచ్చే జబ్బు వేరే వైరస్‌ది. పాలు ఎటూ మరిగించుకునే తాగాలి.

మిగిలేది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. సంత మూసేస్తే, బిడ్డ పెళ్లికో ఆసుపత్రికో ఆవును అమ్ముకోవలసినవాడి గతేమిటి? 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం జబ్బు కనబడితే తెలియజేయడాన్ని యజమాని బాధ్యతగా పెట్టింది, సంతలు ఆపించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. కానీ తెలియజేసినవాడి పాలు కేంద్రంలో పోయించుకోకపోతే, అతని పశువుకు బేరం పోతే, మళ్లీ ఎవరూ నోరు తెరవరు. జబ్బు బయటపడకముందే అమ్మేసుకోవడం అతనికి లాభసాటిగా ఉన్నంతకాలం చట్టం కాగితానికే పరిమితం. సంతను నెలల తరబడి కాకుండా, జబ్బు కనబడిన చుట్టుపట్ల కొద్ది వారాలపాటు మూయడం, మొదట కబురు చెప్పిన ఇంటికి పోయిన పాల ఖరీదు చెల్లించడం ఖర్చే. జబ్బు నాలుగు జిల్లాలకు పాకాక అయ్యే ఖర్చు ముందు అది చిన్నది. పైగా ఆ మొదటి కబురు మీద ఇంకో పని ఆధారపడి ఉంది. పొక్కు పచ్చిగా ఉన్న ఒకటి రెండు రోజుల్లోనే నాలుక మీది పొరను గ్లిజరిన్ ద్రావణంలో వేసి, చల్లగా భువనేశ్వర్‌లోని జాతీయ గాలికుంటు సంస్థకు చేర్చాలి. ఆ పొరలోని వైరస్‌కూ టీకాలోని దానికీ పొంతన ఉందో లేదో అక్కడ తేలుస్తారు. ‘ఓ’ రకానికి ఇక్కడ వాడుతున్న టీకా వైరస్ 1975లో సేకరించినది. అది ఇంకా సరిపోతోందా, మార్చాలా అన్నది ఇలా వచ్చే తాజా నమూనాలను బట్టే నిర్ణయిస్తారు. పొక్కు ఆరిపోయాక అందిన కబురుతో ఆ పరీక్ష చేయడం కష్టం.