నారాయణగూడ బాలికలు పూనా వైపు చూచిన కథ



హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్ టోకు వర్తకమునకు పేరొందిన బజారు. పప్పులును మిరపకాయలును బస్తాలకొలది దిగు చోట చదువుల ప్రసక్తి యేల యని మీరడుగవచ్చును. ఆ గంజునకు సమీపముననే జాంబాగు గలదు. జాంబాగులో వివేకవర్ధనీ విద్యాసంస్థ గలదు. అచ్చటినుండి సుల్తాను బజారు మీదుగా నారాయణగూడ చేరుటకు కాలినడకను గంటసేపు కూడ పట్టదు. తెలుగు బాలికలకు తెలుగులోనే ఉన్నతవిద్య గరపవలెనను ప్రయత్నము ఈ కొద్దిపాటి మేరలోనే మొలకెత్తి, ఇచ్చటనే ఫలించినది.

నిజాం పరిపాలనలో రాజభాష ఉర్దూ. 1919వ సంవత్సరమున ఉస్మానియా కళాశాల తెరువబడినపుడు అందు సమస్త శాస్త్రములును ఉర్దూలోనే బోధింపబడెను. దేశభాషలో విశ్వవిద్యాలయమును నడపుట గొప్ప సాహసమే. దానిని మెచ్చుకొనక తప్పదు. కాని ఆ రాజ్యమున తెలుగు, మరాఠీ, కన్నడములు మాటలాడువారే అధికసంఖ్యాకులు. మగపిల్లలు కొలువుల కొఱకై ఉర్దూ నేర్చుకొనిరి. ఇల్లు దాటని ఆడుపిల్ల మాట యేమి? అమ్మతోను నాయనమ్మతోను పలుకు భాషను విడిచి, ముందొక క్రొత్తభాష నేర్చి, పిదప ఆ భాషలో లెక్కలును చరిత్రయు నేర్వవలెను. పది పండ్రెండేండ్లకే పెండ్లి మాట లెత్తు ఇండ్లలో అంత ఓపిక యెవరికున్నది? చదువు క్రింది తరగతులతోనే ముగిసెడిది.

1921వ సంవత్సరము నవంబరు మాసమున వివేకవర్ధనీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగినది. స్త్రీవిద్యకు జీవితమును ధారవోసిన ధోండో కేశవ కార్వేగారు దాని కధ్యక్షులు. ఇతర భాషల ప్రసంగములను సభికులు నెమ్మదిగనే వినిరి. అల్లంపల్లి వెంకట రామారావుగారు తెలుగున మాటాడ మొదలిడగానే అల్లరి చెలరేగినది. ఆ యవమానమును సహింపక తెలుగువారు వెలుపలికి వచ్చి, ఆ రాత్రియే ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. అందు ముఖ్యులు మాడపాటి హనుమంతరావుగారు. ఆయనకు ఉర్దూపై ద్వేష మున్నదని యెవరైన ననుకొందురేమో! ఆయన ఉర్దూ పారసీకములలో పండితుడు. ప్రేమచందు కథలను మొట్టమొదట తెలుగున కనువదించినవారిలో నొకడు. ఒక భాషను ప్రేమించుటకు మఱియొకదానిని ద్వేషింప నక్కఱలేదని ఆయన జీవితమే చెప్పుచున్నది.

1928లో హనుమంతరావుగారి పూనికతో ఆంధ్ర బాలికా పాఠశాల వెలసినది. క్రమముగ అది ఉన్నత పాఠశాల యై నారాయణగూడలో స్థిరపడెను. ఆ కాలమున బడి పెట్టుట తేలిక పని కాదు. ఖాన్గీ పాఠశాలలు తెరచుటకు ప్రభుత్వపు అనుమతి కావలెను. సభ జరుపుటకును అనుమతి కావలెను. అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి గలదు. తెలుగులో చదివిన బాలిక తుదకు ఏ పరీక్ష వ్రాయవలెను? తననగరమున నున్న ఉస్మానియా ఆమె భాషలో పరీక్ష పెట్టదు.

అప్పుడు పెద్దలు పూనా వైపు చూచిరి. నాడు సభలో అధ్యక్షపీఠమున కూర్చున్న కార్వేగారే 1916లో అచ్చట మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించి యుండిరి. ఆయన గణితోపాధ్యాయుడు, 1893లో వితంతువును వివాహమాడి స్వజనుల చేత వెలిబడినవాడు. జపాను దేశములోని మహిళా విశ్వవిద్యాలయమును గూర్చిన యొక చిన్న పుస్తకము చదివి ఆయన కీ తలంపు కలిగెనట. మాతృభాషలో బోధన, ఇంగ్లీషు ఒక పాఠ్యవిషయముగ, గృహశాస్త్రమునకు సముచిత స్థానము: ఇది ఆ విద్యాలయపు పద్ధతి. మరాఠీ గుజరాతీలకే కాక తెలుగునకును అచ్చట తావు దొరకెను. నారాయణగూడ పాఠశాల దానితో సంబంధము కల్పించుకొనెను. తెలుగు బాలిక తెలుగులో చదివి తెలుగులో పరీక్ష వ్రాయుటకు మహారాష్ట్రుడొకడు త్రోవ చూపవలసి వచ్చినది!

కాని యీ త్రోవ ఖరీదు తక్కువ కాదు. కార్వే విద్యాలయపు పట్టములకు చట్టబద్ధమగు గుర్తింపు చాలకాలము లేదు. అది 1951లో గాని సమకూరలేదు. కొలువు దొరకునను ఆశ లేదు, ఉస్మానియాలో ప్రవేశించుటకు ఉర్దూ రాదు. ఐనను తలిదండ్రులు కూతుండ్రను పంపిరి. కొలువునకు పనికిరాని చదువునకు రుసుము చెల్లించిన ఆ గృహస్థుల యుద్దేశము నేడు మనకు వింతగ తోచును. దానిలో కొంత బలహీనత లేకపోలేదు. ఆడుపిల్లకు ఉద్యోగ మేల యను పాతభావమును దాని వెనుక దాగి యుండవచ్చును. ఎట్లైనను, ఆ చదువు తరువాతి తరమునకు పెట్టుబడి యైనది.

పాఠశాల యొంటరిగ నిలువలేదు. ఆ వీథులన్నియు దానికి దన్నుగ నుండెను. సుల్తాను బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోనే రావిచెట్టు రంగారావుగారి యింట పుట్టినది. ఆయన గతించిన పిదప సతి లక్ష్మీనరసమ్మగారు దానికి ధనసహాయము చేసిరి. ఒక వితంతువు తన సొమ్మును పుస్తకాల కొఱకు వెచ్చించుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. దూరగ్రామములనుండి చదువ వచ్చు రెడ్డి బాలికల కొఱకు 1933లో ప్రత్యేక వసతిగృహ మేర్పడెను. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభతోబాటు స్త్రీల సభయు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను జరిగినది. అందలి కోరికలలో స్త్రీవిద్య యొకటి. పరదా కట్టిన బండిలో తప్ప కదలని నగరమున స్త్రీ వేదిక నెక్కి మాటాడుటయే పెద్ద పాఠము.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసినది. ఉస్మానియా ఉర్దూను విడిచి ఇంగ్లీషును చేపట్టినది. తెలుగునకు మాత్రము ఆ స్థాన మప్పుడును రాలేదు. 1951లో హనుమంతరావుగారు హైదరాబాదు నగరమునకు మేయరైరి. 1954లో నారాయణగూడలోనే రాజబహదూర్ వెంకటరామారెడ్డి పేర మహిళా కళాశాల వెలసి, ఉన్నత పాఠశాల ముగించిన బాలిక ఆ పేట దాటకయే పై చదువు చదువుకొను వీలు కలిగెను. 1970లో హనుమంతరావుగారు కాలధర్మము నొందిరి. ఆ బాలికా పాఠశాల కాయన పేరే నిలిచినది.